పాత అంబులెన్సులో మంచం

మా అక్క ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. కుట్టుమిషను ముందు కూర్చోక తప్పదు కాబట్టి కూర్చుంటుంది, అదీ ఒక కాలు పెడలు మీద, రెండో కాలు గుమ్మం వైపు. ఇంట్లో బీరువా నెలకో గోడకు మారుతుంది. రాత్రి చీకట్లో మంచినీళ్ళకు లేచి ఆ బీరువాకు రెండుసార్లు నుదురు బాదుకున్నాను. "పోయిన నెల ఇది ఇక్కడ లేదు కదే!" అని అరిస్తే, "అందుకేగా ఇక్కడ పెట్టింది" అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమెకేమో దాన్ని పట్టించుకునే తీరిక ఉండదు. నా పెళ్ళి కుదిరినట్టే కుదిరి తప్పిపోయినప్పటి నుంచి అక్కా బావల ఇంట్లో ముందుగది నాది.

మా వీధి పెద్ద రోడ్డులో కలుస్తుంది. ఆ రోడ్డు రెండు గంటల ప్రయాణం తర్వాత ఒక టీకొట్టు దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణించి ఎడారి, అంతా ఇసుకే. ఆ ఇసుకలో నాలుగు రోజులు గడిపి రావాలని సరదాపడేవాళ్ళు జీపులు, వ్యాన్లు మా షెడ్డుకు తెచ్చుకుంటారు. పడుకునే పరుపులు, కిటికీలకు ఎండ ఆపే తెరలు, బండి పక్కకు లాగి కట్టుకునే కాన్వాసు పందిళ్ళు అక్క కుడుతుంది. మైనం పట్టించిన దారంతో రెండు వరసలు వేస్తుంది. గాలికి గుడ్డ చిరగాలి గానీ కుట్టు విడకూడదంటుంది. రెండో బ్యాటరీ, లైట్లు, చిన్న ఫ్రిజ్, వాటి వైరింగు నా పని.

వచ్చినవాళ్ళను నేను పది ప్రశ్నలు అడుగుతాను. ఎందరు వెళ్తున్నారు, ఎన్ని రోజులు, ఫ్రిజ్ పగలంతా నడవాలా అని. అక్క ఒక్కటీ అడగదు. టేపు తీసి మనిషిని కొలుస్తుంది. ఎత్తు, భుజాల వెడల్పు, కూర్చుంటే మోకాలు ఎంత ఎత్తులో ఉంటుంది, పడుకుంటే చెయ్యి ఎంత దూరం చాస్తాడు, అంతే. "అడిగితే లేనిపోని గొప్పలు చెప్తార్రా. ఒళ్ళు అబద్ధం చెప్పదు" అనేది ఆమె సిద్ధాంతం. ఒప్పుకోవడం కష్టంగా ఉంది గానీ, ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె కుట్టిన పరుపు ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఇన్ని బండ్లను సాగనంపిన మనిషి తను మాత్రం ఆ టీకొట్టు దాటలేదు. అందుకు కారణం బావే అని అందరం అనుకునేవాళ్ళం. బావ ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఏ ఊరు వెళ్ళినా పొద్దుగూకేసరికి ఇల్లు చేరాల్సిందే. తన మంచం మీద తప్ప ఆయనకు నిద్ర పట్టదని బంధువులందరికీ తెలుసు.

"నువ్వొక్కదానివే వెళ్ళిరావే" అన్నానోసారి.

"ఒక్కదాన్నే పోయేదాన్నైతే ఎప్పుడో పోయేదాన్ని. ఆయనతో పోవాలి. యాభై ఆరొచ్చాయి. ఈ మోకాళ్ళు ఇంకెన్నాళ్ళు మాట వింటాయి?" అంది. 

ఆ నెలలోనే ఆసుపత్రివాళ్ళు వేలం వేసిన పాత అంబులెన్సు ఒకటి కొని షెడ్డు ముందు నిలబెట్టింది. "అంబులెన్సు సొంతంగా నడుపుకుంటూ పోవడం నీకే చెల్లింది. జనం తొందరపడి ఏడవకుండా ఆ ఎర్ర రంగైనా చెరిపించు" అన్నాను. ఆమె నవ్వలేదు. అప్పటికే టేపు తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

బావ పేపరు చదువుకుంటూ ఉంటే వాళ్ళు పడుకునే గదినంతా కొలిచేసింది. నేల నుంచి మంచం ఎత్తు, దిండు నుంచి కిటికీ దూరం, కళ్ళజోడు పెట్టుకునే అలమరకు చెయ్యి ఎంత చాపాలి, అన్నీ రాసుకుంది. ఆ గదిని అంబులెన్సులో కట్టడం మొదలుపెట్టింది. గోడకు ఆ గది రంగే వేయించింది. కిటికీ వేలెడు దిగువకు వచ్చిందని, బిగించిన చెక్కలన్నీ పీకి మళ్ళీ బిగించింది. అలా మూడుసార్లు. ఎనిమిది నెలలు కాలుగాలిన పిల్లిలా ఇంటికీ షెడ్డుకీ మధ్య తిరిగింది. నేను లాగిన వైర్లు మూడుసార్లూ ఊడదీసి మూడుసార్లూ లాగాను. నా నోటికి ఏ మాటలొచ్చాయో ఇక్కడ రాయను.

అసలు గొడవ మంచం దగ్గర వచ్చింది. అందరికీ పల్చటి ప్లైవుడ్డు పలక వేసే అక్క, బావకు మాత్రం రెండంగుళాల గట్టి చెక్కతో మంచం చేయించి నేలకు బోల్టులతో బిగించింది. పల్చటిది కిర్రుమంటుందట, కిర్రుమంటే ఆయన లేస్తాడట.

"ఇసుకలో బరువే మన శత్రువని అందరికీ చెప్పేదానివి నువ్వే కదే! నూట ఇరవై లీటర్ల నీళ్ళు, రెండు బ్యాటరీలు, దాని మీద ఈ మంచం. ఎడారికి పోతున్నావా, ఇల్లు మారుతున్నావా?"

"ఆ దుప్పటి అంచు ఇటివ్వు" అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే అదే.

పని పూర్తయిన రోజు బండిని గుమ్మం ముందు ఆపి, వెనక తలుపు తెరిచి, "ఎక్కండి" అంది బావతో. ఆయన కళ్ళజోడు సర్దుకుని లోపలంతా చూశాడు. ఎక్కి పడుకున్నాడు. చెయ్యి చాపితే అలమర తగిలింది. కాసేపటికి లేచి, "సరే, సంచి సర్దుకొస్తా" అన్నాడు. అక్క నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగేలా. మొదటి ప్రయాణం కదా, వైరింగు చూసుకోవాలని నేనూ బయల్దేరాను.

మధ్యాహ్నం టీకొట్టు చేరాం. చక్రాలు దిగబడకుండా టైర్లలో గాలి సగానికి దించాను. ఇసుకలోకి దిగి, పట్టుమని అర కిలోమీటరు పోయామో లేదో, మొదటి దిబ్బ ఎక్కబోతూ వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి. పట్టు కోసం చిల్లుల ఇనప పలకలు చక్రాల కింద పెట్టాను. చక్రాలు వాటిని వెనక్కి విసిరేశాయి. తిరిగి చూస్తే టీకొట్టు రేకులు మెరుస్తూనే ఉన్నాయి. మా ఎడారి యాత్ర అంతవరకే అయింది.

"బరువు దించాలి. నీళ్ళు పారబోస్తే చస్తాం. మంచం తీసెయ్యాలి" అన్నాను.

"మంచం తీసేది లేదు" అంటూ అక్క పార అందుకుంది.

గంటన్నర తవ్వింది. తవ్విన ఇసుక తవ్వినట్టే జారి గుంటలో పడుతోంది. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, ఎండకు మొహం కందిపోయినా ఆగలేదు. "మొండిదానా!" అని అరిచాను. పార లాక్కోబోతే ఒక్క తోపు తోసింది.

"నీకు తెలీదురా! మంచం తీస్తే ఆయన వెనక్కి పోదామంటారు. ఇంకెప్పటికీ రారు."

బండి లోపల ఏదో కిర్రుమంది. వెళ్ళి చూస్తే బావ నా సంచిలోని స్పానరు తీసుకుని మంచం కింద దూరి బోల్టులు విప్పుతున్నాడు. ప్రూఫులు దిద్దిన చేతులు, ఏ బోల్టుకు ఏ సైజో తెలియక అవస్థ పడుతున్నాడు.

అక్క పారతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏం చేస్తున్నారు? అది తీస్తే మీకు నిద్ర పట్టదు!"

బావ మంచం కింద నుంచి బయటికి వచ్చి బండిలోనే నేల మీద కూర్చున్నాడు. "ఇంట్లో పడుతోందని నీకెవరు చెప్పారు?"

ఆయన స్పానరు పక్కన పెట్టాడు.

"పడుకున్నాక నాలుగైదుసార్లు లేస్తావు. వీధి తలుపు దాకా వెళ్తావు. గడియ మీద చెయ్యి వేస్తావు, ఆ చప్పుడు నాకు వినబడుతుంది. మళ్ళీ వచ్చి పడుకుంటావు. ముప్పై ఏళ్ళుగా వింటున్నా. ఏదో ఒకనాడు గడియ తీసి వెళ్ళిపోతావనుకునేవాణ్ణి. అందుకే ఏ ఊరెళ్ళినా చీకటిపడే లోపు వచ్చేసేవాణ్ణి. మంచం మీద పిచ్చా నాకు?"

ఆయన అంత పొడుగ్గా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అక్క పార వదిలేసింది.

"వెళ్ళిపోదామని కాదండీ. ఎటైనా పోదాం వస్తారా అని మిమ్మల్ని లేపుదామనుకునేదాన్ని. మీకు నిద్ర చెడుతుందని లేపలేదు."

"మెలకువగానే ఉన్నా కదే."

నాకు చాలా సిగ్గేసింది. ఆయన రాడని మేమందరం చెప్పుకున్నాం గానీ, వస్తావా అని ఆయన్ను అడిగినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. ఆయన రాననగా విన్నవాళ్ళూ లేరు.

మిగతా బోల్టులు నేను విప్పాను. చెక్కలు ముగ్గురం కలిసి నాలుగు విడతల్లో టీకొట్టుకు మోశాం. తిరిగొచ్చి ఇనప పలకలు సర్దితే, బండి రెండు కుదుపులతో బయటపడింది. అక్క దాన్ని గట్టినేల మీదికి తెచ్చి ఇంజను ఆపింది.  బావ వైపు తిరిగి అడిగింది.

"ముందుకు పోదామనుంది. వస్తారా?"

ఆయన ఎదురుగా ఉన్న ఇసుకను చూశాడు, వెనకాల కూర్చున్న నన్ను చూశాడు.

"వీణ్ణి దింపేస్తే వస్తా."

నన్ను టీకొట్టు దగ్గర దింపారు. ఊరి వైపు వెళ్ళే లారీ ఏదైనా వస్తే మంచం ఎక్కించుకుని ఇంటికి వెళ్ళమంది అక్క, వైరింగు గురించి ఒక్క ముక్క అడగకుండా. చెక్కల మీద కూర్చుని చూస్తూండగా బండి మొదటి దిబ్బ ఎక్కింది, అవతలికి దిగిపోయింది. మామూలుగా అయితే నాకు ఒళ్ళు మండిపోవాలి. ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు, ముప్పై ఏళ్ళు మెలకువగా ఉన్నారు. ముందుగదిలో గురకపెట్టి హాయిగా నిద్రపోయింది నేనొక్కణ్ణే.