మూత లేని కెటిల్

లూయీ తాతకి లోకంలో ఒక్కడే శత్రువు: పచ్చి నీళ్ళు. కాగని నీళ్ళు ఎవరి నోటి దగ్గరికి వెళ్ళినా, ఆయన గరిటె వాళ్ళ వీపు మీదికి వెళ్ళేది.

కాలిఫోర్నియాలో ఏటి ఇసుక కడిగి బంగారం ఏరుకునే చైనావాళ్ళ గుడిసెల్లో ఆయన వంటవాడు. మూత పోయిన కెటిల్‌కి ఎర్ర గుడ్డ కుక్కి రోజంతా టీ కాచేవాడు. ఓసారి ఆ గుడిసెల్లోని కుర్రాడు మాక్ యింగ్ ఎండకి తాళలేక ఏట్లో దోసిలి పట్టాడు. గరిటె పడనే పడింది.

“ఈ ఏరేమన్నా మీ అత్తగారిదా తాతా?”

“మా అత్తదైతే కాచే పనేముందిరా, ఎప్పుడూ మరుగుతూనే ఉండేది. తాగు టీ!”

పండగనాడు దేవుడి ముందు పెట్టే నీళ్ళు కూడా కాచే పెట్టాడు. “దేవుడికి మాత్రం కడుపుండదా?” అన్నాడు.

ఆ వేసవిలో దిగువనున్న తెల్లవాళ్ళ గుడారాల్లో విరేచనాల జబ్బు పడింది. మనుషులు పోతున్నారు. ఎగువన చైనావాళ్ళు మాత్రం గుండ్రాళ్ళలా ఉన్నారు. ‘ఏట్లో విషం కలిపార్రా వీళ్ళు’ అన్న మాట పుట్టింది. పక్క లోయలో ఇలాంటి మాట మీదే గుడిసెలన్నీ తగలబెట్టారు. మాక్‌కి ముద్ద దిగడం మానేసింది. తాతేమో రోజూ తెల్లారకముందే కెటిల్‌తో మాయమయ్యేవాడు. ఏరుతో పోట్లాటకి వెళ్ళుంటాడని అందరూ నవ్వుకునేవాళ్ళు.

ఓ మిట్టమధ్యాహ్నం తుపాకులూ కాగడాలూ పట్టుకుని తెల్లవాళ్ళు వచ్చిపడ్డారు. అందరికంటే ముందు హార్లన్ అనే అతను.

“విషం కలిపిందెవడో చెప్పండి! లేదా అన్నీ తగలెడతాం!”

ఇంగ్లీషు వచ్చిన మాక్ తాతకి ఆ మాట చెప్పాడు.

“అరిచి అరిచి గొంతెండుంటుంది. ముందు టీ తాగమను.”

“తాతా, చంపడానికొచ్చారు వాళ్ళు!”

“చంపేవాడికి మాత్రం దాహం వెయ్యదా?” అంటూ తాత కెటిల్ పట్టుకుని తుపాకీకి ఎదురెళ్ళాడు.

మాక్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎంతసేపటికీ తుపాకీ పేలలేదు. తెరిచి చూస్తే, హార్లన్ ఆ ఎర్ర గుడ్డకేసి గుడ్లప్పగించి చూస్తున్నాడు.

“మా తమ్ముడు... రోజూ తెల్లవారుజామున ఓ ముసలాయన మూత లేని, ఎర్ర గుడ్డ కెటిల్‌తో వచ్చి టీ పోస్తున్నాడంటే, జ్వరంలో పలవరింతలనుకున్నాం. వాడివాళ లేచి కూచున్నాడు.”

మాక్ తాతవైపు తిరిగాడు. “మాకెందుకు చెప్పలేదు తాతా?”

“చెబితే వెళ్ళనిస్తార్రా మీరు? ఓడలో పీపా నీళ్ళు తాగి నా తమ్ముడు పోయాడు. అప్పుడు నా దగ్గర కెటిల్ లేదు.”

హార్లన్ తుపాకీ కింద పెట్టి, ఏటి ఒడ్డున కూచుని, మొహం కడుక్కుని, దోసిలి నోటి దాకా తెచ్చాడు.

వీపు మీద గరిటె ఫెళ్ళుమంది.

వెనక తుపాకులన్నీ లేచాయి. మాక్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఏమిటిది?” అన్నాడు హార్లన్ వీపు రుద్దుకుంటూ.

“మాకూ రోజూ ఇదేనండీ,” అన్నాడు మాక్ ఏడుపుగొంతుతో. “ఇప్పుడు మీరు టీ తాగాలి.”

హార్లన్ బుద్ధిగా గిన్నె అందుకున్నాడు. మిగతావాళ్ళు తుపాకులు దించి అతని వెనకే వరసకట్టారు. చివరివాడు దాహానికి ఆగలేక ఓసారి ఏటివైపు చూశాడు గానీ, గరిటెని చూసి మనసు మార్చుకున్నాడు.