నలభై చూపించిన ముల్లు

రాయ్‌పూర్ నుంచి సిర్పూర్ ఒక్క పూటలో చూసి రావచ్చా అని అడిగేవాళ్ళకి నా జవాబు, సుఖంగా రావచ్చు. ఊళ్ళో మేముండే మోవా పేట నుంచి పొద్దున ఆరున్నరకి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. అయితే మొన్న ఆదివారం నేను వెళ్ళింది అక్కడి పాత ఇటుకల గుడి మీద మోజుతో కాదు, మా నూకాలత్త కోసం. అత్త మొగుడు సింహాచలం మావయ్య మా అమ్మకి తమ్ముడు. ఆరేళ్ళుగా ఆయన ఇల్లు కదలడు, ఆయన కదలడని అత్తా కదలదు. కొత్తగా కొన్న పాత జీపులో తిప్పుతాను రమ్మంటే మూడు వారాలు బతిమాలించుకుని ఒప్పుకుంది. మావయ్య రానన్నాడు. ఎందుకు రాడో మాకు తెలుసు కనక రెట్టించలేదు.

ఆ జీపు సంగతి ముందే చెప్పాలి. మావయ్య ఉర్లాలో ఒక ఇనుప కార్ఖానాలో డ్రైవరుగా చేసేవాడు. ఏళ్ళ తరబడి లారీ నడిపాక ఆయనకి ఆఫీసు జీపు ఇచ్చారు. ఇచ్చిన ఇరవై రోజులకి, సాయంత్రం షిఫ్టు వదిలే వేళ, సైకిలు మీద వస్తున్న దుకాలూ అనే కూలీకి ఆ జీపు తగిలింది. మూడో రోజు అతను ఆసుపత్రిలో చనిపోయాడు. కార్ఖానా ప్రాంతంలో నలభై దాటకూడదని వాళ్ళ నియమం. మావయ్య తను నలభైలోనే ఉన్నానన్నాడు. ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయన మాత్రం జీపు చాలా జోరుగా వచ్చిందన్నాడు. టైరు గీతలు కొలిచినవాళ్ళూ అదే అన్నారు. తప్పు ఒప్పుకుని కాగితం రాసిస్తే ఉద్యోగం ఉంచుతామంది కార్ఖానా. ఆ కాగితం హిందీలో రాసింది నేనే. వేగంగా నడిపానని ఒక వాక్యం, ఆ సంగతి దాచి అబద్ధమాడానని ఇంకో వాక్యం. మావయ్య చదివించుకుని విన్నాడు, సంతకం పెట్టలేదు. ఉద్యోగం పోయింది. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. నిజం చెప్పాలంటే ఆయన్ని నేను కూడా నమ్మలేదు. మొండితనం అనుకున్నాను.

టాటీబంధ్‌లో పాత బళ్ళు అమ్మే చోట ఏడు సీట్ల బండి వెతుకుతుంటే ఆ జీపు కనిపించింది. డ్యాష్‌బోర్డు అంచున తెలుగులో 'పైడితల్లి' అని చిన్న అక్షరాలు. ఈ ఊళ్ళో అవి ఎవరికీ చదవడం రాదు కనక చెరపకుండా వదిలేశారు. జీపు చేతికొచ్చిన రోజే మావయ్య పసుపు పెయింటుతో రాసుకున్నవి అవి. నాకూ ఆ అమ్మవారి పేరే. చూశాక వదిలి రాబుద్ధి కాలేదు. ఇంటి ముందు ఆపితే మావయ్య గేటు దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూసి లోపలికెళ్ళిపోయాడు.

మోవా నుంచి రింగ్ రోడ్డెక్కి మందిర్ హసౌద్ మీదుగా ఆరంగ్ దాకా జాతీయ రహదారి. ఆరంగ్ దాటాక మహానది వంతెన వస్తుంది. అది దాటి కొంత దూరం వెళ్ళాక కుహరీ మలుపులో ఎడమకి తిరిగితే అడవి మధ్య చిన్న రోడ్డు. రోడ్డు మొత్తం బాగుంది. పాత బండి కదా అని నేను స్పీడోమీటరు ముల్లు యాభై దాటనివ్వలేదు. అయినా లారీలు ఒక్కొక్కటే వెనకబడిపోతున్నాయి. ఆదివారం కదా, డ్రైవర్లు తీరిగ్గా ఉన్నారనుకున్నాను. రెండు గంటలవుతుందనుకున్న దారి గంటా ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నా డ్రైవింగు ఇంత బాగుపడిందా అని లోలోపల కాస్త మురిసిపోయాను కూడా.

గుడికి పాతిక రూపాయల టికెట్టు. ఇటుకల మీద చెక్కిన పూలూ కిటికీలూ చూస్తూ అత్త గుడి చుట్టూ రెండుసార్లు తిరిగింది. తరవాత గేటు బయట ఒక పెద్దావిడ దగ్గర చీలా తిన్నాం. బియ్యప్పిండి అట్టు అది, పక్కన కాల్చిన టమాటా పచ్చడి. ఇద్దరికీ అరవై రూపాయలు. ఎక్కణ్ణించి వచ్చారని అడిగింది. రాయ్‌పూర్ అన్నాను.

"మా కొడుకు రోజూ అక్కడికే కూరగాయలు వేసుకెళ్తాడు. పూర్తిగా ఎనభై కిలోమీటర్లు, వాడికి నడుం పడిపోతోంది" అంది.

నేను ఇంట్లో బయల్దేరేముందు మీటరు అంకె రాసుకున్నాను, ఈ బ్లాగు కోసం అలవాటు. జీపెక్కి చూస్తే తిరిగింది అరవై. పాత బండి కదా, మీటరు నీరసించింది అని నవ్వాను. అత్త నవ్వలేదు.

"కిలోమీటర్లు తక్కువ సూపిస్తే జోరు కూడా తక్కువ సూపిస్తాది గదా పైడీ?" అంది.

ఆ మాటకి నా చెయ్యి తాళం మీద ఆగిపోయింది. రెండూ ఒకే తీగ మీద నడుస్తాయని డ్రైవరు భార్యకి తెలియకుండా ఉంటుందా.

తిరుగుదారిలో రహదారి మీదకి రాగానే ఖాళీగా ఉన్న చోట ముల్లుని నలభై మీద పట్టి ఉంచాను. అత్త వాచీ చూస్తూ కిలోమీటరు రాయి నుంచి రాయికి సెకన్లు లెక్కపెట్టింది. నలభైలో వెళ్తే కిలోమీటరుకి తొంభై సెకన్లు పట్టాలి. మొదటిసారి అరవై ఎనిమిది. రెండోసారి అరవై ఏడు. పది రాళ్ళు దాటాక మీటరు చూస్తే ఏడున్నర తిరిగింది. ఫోనులో చూస్తే వేగం యాభై మూడు. అత్త వాచీ ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికి వెళ్ళకుండా నేరుగా టాటీబంధ్ వెళ్ళాం. లారీల అడ్డా కనక అక్కడ ఆదివారం కూడా కొట్లు తెరిచే ఉంటాయి. మీటర్లు మాత్రమే బాగుచేసే సాహూజీ అనే పెద్దాయన దగ్గర ఆపాను. ఆయన ముందు టైర్ల మీది సైజు చదివాడు, అవి ఈ జీపుకి ఉండాల్సినవే. తీగ లాగి చూశాడు, ఎక్కడా తెగలేదు, జారడం లేదు. మీటరు ఊడదీసి తన బల్ల మీది మోటారుకి తగిలించి తిప్పాడు. ముల్లు సరిగ్గా చూపించింది.

"మీటరుది తప్పు లేదు బేటీ. దీనికి కిందనించి ఎంత చెప్తే అంతే చూపిస్తుంది. కిందనించే తప్పు చెప్తున్నారు" అన్నాడు హిందీలో.

జీపు కిందికి దూరి, గేరుబాక్సులో తీగ మొదలయ్యే చోట నుంచి వేలెడంత తెల్లటి ప్లాస్టిక్ చక్రం బయటికి తీశాడు. పళ్ళు లెక్కపెడితే ఇరవై. ఈ జీపుకి ఉండాల్సింది పదిహేను పళ్ళదట. పళ్ళు ఎక్కువైతే తీగ నెమ్మదిగా తిరుగుతుంది, ముల్లు తక్కువ చూపిస్తుంది.

"గేరుబాక్సు వేరే మోడలుది. పాతసామాను కొట్లో కొని వేసేశారు, ఈ చక్రం మార్చాలని మర్చిపోయారు. ఉర్లా పని ఇది, చూస్తే తెలుస్తుంది" అన్నాడు.

ఎలా తెలుస్తుందని అడిగాను. టార్చి వేసి చూపించాడు. ఉర్లా కార్ఖానాల్లో ఏ సామాను బిగించినా దాని మీద నెలా సంవత్సరం సుత్తితో అచ్చు గుద్దుతారు. గేరుబాక్సు పక్కన ఆ అంకెలు స్పష్టంగా ఉన్నాయి. మావయ్యకి జీపు ఇచ్చిన ఏడాదే, హోలీ నెల. దుకాలూకి జీపు తగిలింది అదే ఏడాది దీపావళి వెళ్ళిన వారానికి.

"అంటే ముల్లు నలభై మీద ఉంటే" అని ఆగాను.

"యాభై మూడు" అన్నాడు సాహూజీ, చెయ్యి తుడుచుకుంటూ. పదిహేను పళ్ళ చక్రం వేసి, రింగ్ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూసి, మొత్తానికి నాలుగొందలు తీసుకున్నాడు. పాత చక్రం అడిగి తెచ్చుకున్నాను.

మోవా వైపు వస్తుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఇది ఆయనకి సెప్పకు పైడీ. నాను తప్పు సెయ్యలేదు అన్న ఒక్క మాట పట్టుకుని ఆరేళ్ళు బతికినాడు. అబద్ధం ఆడలేదని సెప్తే, జోరుగా పోయినావని కూడా సెప్పినట్టే గదా. అది ఇని ఎలగ పడుకుంటాడు?"

చెప్పకపోతే, ఆయన అబద్ధాలకోరు కాడని తెలిసి కూడా నేను నోరు మూసుకున్నట్టు. ఒకసారి నమ్మకపోవడమే నాకు చాలా బరువుగా ఉంది. ఆ మాటే అత్తతో అన్నాను. ఆవిడ చెయ్యి వదిలేసింది, మళ్ళీ వద్దనలేదు.

మావయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. చక్రం ఆయన అరచేతిలో పెట్టి, జీపులోది అని మాత్రం చెప్పాను. ఆయన గోటితో ఒక్కో పన్నూ తడుముతూ లెక్కపెట్టాడు.

"ఇరవై. ఎన్నుండాల?"

"పదిహేను మావయ్యా. గేరుబాక్సు హోలీకి మార్చారు. దాని మీద అచ్చు ఉంది."

ముప్పై ఏళ్ళు బండి నడిపిన మనిషికి మిగతా లెక్క నేను చెప్పక్కర్లేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"అయితే టీ కొట్టోడు అబద్ధం ఆడలేదన్నమాట" అన్నాడు.

"లేదు."

"నానూ ఆడలేదు."

"లేదు మావయ్యా. నేనే నిన్ను నమ్మలేదు. నన్ను క్షమించు."

ఆ మాట పట్టించుకోనట్టే ఉన్నాడు. "ఆరేళ్ళు ఆడ్ని తిట్టుకున్నాను పైడీ. ఉన్నదే సెప్పినాడు పాపం." లేచి లోపలికెళ్ళి ట్రంకు పెట్టె తెరిచాడు. మడతలు చిరిగిపోతున్న కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. నా చేతిరాత గుర్తుపట్టాను.

"ఇందులో రెండు మాటలున్నాయి గదా. అబద్ధం ఆడినానన్నది కొట్టీ. జోరుగా తోలినానన్నది ఉంచు. పైన మేనేజరు పేరు కొట్టీసి దుకాలూ పెళ్ళాం పేరు రాయి."

"ఇప్పుడు ఎవరూ అడగడం లేదు కదా మావయ్యా."

"అడిగినప్పుడు నాకు తెలీలేదు" అన్నాడు.

కొత్త కాగితం మీద ఒక్క వాక్యం రాసి, ఎందుకు అప్పట్లో చెప్పలేకపోయాడో కింద రెండు ముక్కలు చేర్చాను. ఈసారి చదవమని అడగలేదు, సంతకం పెట్టాడు. మర్నాడు నేను ఆఫీసుకి సెలవు పెట్టి ఆయన్ని ఉర్లా తీసుకెళ్ళాను. పక్క సీట్లో కూర్చుని దారిపొడుగునా ముల్లు వంకే చూశాడు. ఆవిడ ఇంట్లో ఏం జరిగిందో రాసే హక్కు నాది కాదు. కాగితం ఉంచుకుంది, మాకు మంచినీళ్ళు ఇచ్చింది, అంతవరకు చెప్పగలను. మావయ్య ఆ రాత్రి పడుకున్నాడో లేదో అత్తని అడగలేదు. ఒక మనిషి నిజం చెప్తున్నాడా లేదా అని ఆరేళ్ళు అందరం వాదించుకున్నాం, కిందికి వంగి ఒక చక్రం పళ్ళు లెక్కపెట్టాలని మాలో ఒక్కరికీ తోచలేదు. అది నన్ను ఇంకా బాధపెడుతోంది.

పాత బండి కొనేవాళ్ళకి ఒకే ఒక్క సలహా. రహదారి మీద పది కిలోమీటరు రాళ్ళు దాటండి, మీటరు పది తిరిగిందో లేదో చూడండి. ముల్లుని నలభై మీద ఉంచి రాయికీ రాయికీ మధ్య తొంభై సెకన్లు పడుతున్నాయో లేదో పక్కవాళ్ళని లెక్కపెట్టమనండి. పది నిమిషాల పని. బండి మీరు కాక ఇంకెవరైనా నడుపుతారంటే, వాళ్ళ చేతికి తాళం ఇచ్చే ముందే చెయ్యండి.