చివరి కత్తెర

మోకాలు దెబ్బతిన్నాక మా అమ్మాయికి సుమో పిచ్చి పట్టింది. పదకొండేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. రంగప్రవేశానికి, అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళోనే హాలు కూడా మాట్లాడుకున్నాక, ఇక డాన్స్ వద్దన్నాడు డాక్టరు. నేను ఆ మాట చెవిన పెట్టలేదు. ఫిజియోథెరపీతో అదే సర్దుకుంటుందని అందరికీ చెప్పుకు తిరిగాను.

అది సోఫాలో కాలు చాపుకుని ఆ జపాన్ కుస్తీలు చూస్తుంటే, పక్కన కూర్చుని నేను చిక్కుళ్ళు ఒలిచేదాన్ని. ఒకరోజు ఒక పెద్ద వస్తాదు రిటైర్‌మెంట్ చూపించారు. బరి మధ్యలో కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. అతన్ని అంతవాణ్ణి చేసినవాళ్ళు ఒక్కొక్కరే వెనక నిలబడి, బంగారు రంగు కత్తెరతో సిగలో నాలుగు వెంట్రుకలు కత్తిరించి వెళ్తున్నారు. చివరి కత్తెర గురువుగారిది. సిగ తెగగానే అంత కొండలాంటి మనిషీ ఏడ్చేశాడు. వరుసలో ఒక్క ఆడమనిషి లేదు. ఆడవాళ్ళు ఆ బరి ఎక్కకూడదట.

"కన్నతల్లికైనా కత్తెర ఇవ్వరా? ఇదెక్కడి న్యాయమే?" అని మండిపడ్డాను.

"టూ మచ్ కదా, అమ్మా," అని నవ్వింది.

నెల తిరక్కుండానే ఒక శుక్రవారం సాయంత్రం నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి గరాజ్‌లో కుర్చీ వేసి ఉంది. దాంట్లో మా అమ్మాయి పట్టుచీర కట్టుకుని కూర్చుంది. పదకొండేళ్ళు దాన్ని క్లాసుకి తిప్పిన మా ఆయన, కాస్ట్యూములు కుట్టిపెట్టిన పక్కింటి ఆంటీ, డాన్స్ టీచరు అప్పటికే తలా కాస్త కత్తిరించారు. జడ సగం తెగి ఉంది.

"లాస్ట్ కట్ నీదే, అమ్మా. ఎవ్రీ డే జడ వేసింది నువ్వే కదా," అంటూ కత్తెర నాకు అందించింది.

అందుకుంటే దాని డాన్స్ అయిపోయిందని ఒప్పుకున్నట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"శుక్రవారం పూట ఆడపిల్ల జుట్టు ఎవరైనా కత్తిరిస్తారా? బుద్ధుందా మీకు?" అని అందరి మీదా అరిచాను.

"ఓకే. రేపు చేస్తావా? ఐ కెన్ వెయిట్, అమ్మా."

సగం తెగిన జడతో రేపటిదాకా ఆగుతానంది, పిచ్చిపిల్ల. నేను లోపలికి వెళ్ళి కుక్కర్ పెట్టాను.

మర్నాడు పొద్దున అన్నట్టుగానే కత్తెర పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేను పెనం మీంచి తలెత్తలేదు. కాసేపు నిలబడి, బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. బయటికొచ్చి జడ తెచ్చి బల్ల మీద పెట్టి, "దోశ ఉందా?" అని అడిగింది.

తల్లికి కత్తెర ఇవ్వలేదని ఊరూ పేరూ తెలియనివాళ్ళను తిట్టినదాన్ని, నా చేతికిస్తే తీసుకోలేకపోయాను. ఇప్పుడది వేరే ఊళ్ళో చదువుకుంటోంది. ఆ రిటైర్‌మెంట్ వీడియోలు నేనొక్కదాన్నే చూస్తుంటాను. చివరి కత్తెర తనే వేసుకున్న వస్తాదు ఇంతవరకూ ఒక్కడూ కనబడలేదు.