దసరా పూజకు విప్పిన జాలీ

పనిలో ప్రాణాలు పోయిన కార్మికుల కోసం తెనాలిలో సంస్మరణ సభ పెడుతున్నామని, మా బాబాయి గురించి నాలుగు మాటలు చెప్పమని, పిన్నికి శాలువా కప్పుతామని యూనియన్ కుర్రాళ్ళు అడిగితే సరేనని, మొన్న రేపల్లెలో పిన్నిని వెంటబెట్టుకుని రైలెక్కాను.

మన రోజుల్లో రైస్ మిల్లు ఎలా ఉండేదో మీలో నా ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు. తవుడు కమ్మిన గాలి, అరిస్తే తప్ప మాట వినపడని మోత. రేపల్లె మిల్లులో బాబాయి ఇంజను డ్రైవరు, నేను ఆయన చేతి కింద ఫిట్టరుని. స్పానరు పట్టడం నేర్పిందీ, తప్పు చేస్తే మొట్టికాయ వేసిందీ ఆయనే. బెల్టు తిరిగే పెద్ద చక్రానికి అడ్డంగా ఇనుప జాలీ ఉండేది. ఏటా దసరాకి అది విప్పి, చక్రానికి పసుపు రాసి బొట్లు పెట్టి, డ్రైవరు భార్య చేత హారతి ఇప్పించడం మా మిల్లు ఆచారం. మర్నాడు దాన్ని తిరిగి బిగించడం నా పని.

ఆ ఏడు పిన్ని హారతి ఇచ్చిన మర్నాడు తెల్లారేసరికే చెరుకుపల్లి నుంచి ధాన్యం బండ్లు వరసకట్టాయి. యజమాని తొందరపెట్టాడు. మధ్యాహ్నం అన్నాలకి ఆపినప్పుడు బిగిద్దాంలే అనుకుని జాలీని గోడకి ఆనించి వదిలేశాను. కాసేపటికి బాబాయి నూనె పోయడానికి అటు వంగాడు. పంచె చెంగు చక్రానికి చుట్టుకుంది. నిలువెత్తు మనిషి గాల్లోకి లేచి గోడకి కొట్టుకున్నాడు. రెండో చుట్టుకి చెయ్యి భుజం దగ్గర తెగి బియ్యం రాశి మీద పడింది. ఎముకలు విరుగుతున్న చప్పుడు ఆ మోతలో కూడా నాకు వినపడింది. నేను పరుగెత్తి ఇంజను ఆపినా చక్రం వెంటనే ఆగలేదు, ఆగేదాకా ఆయన తల గోడకి కొట్టుకుంటూనే ఉంది. నెత్తురు పడినంత మేర బియ్యం ఎత్తి పారబోసి, మూడో రోజున మిల్లు తిప్పారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు, అందులో సగం నా మీదే.

పూజలో ఏదో లోపం జరిగిందని ఎవరో అన్నారు. సాయంత్రానికల్లా అది పిన్ని మీదికి వచ్చింది. మైల ఒంటితో హారతి ఇచ్చిందట, అందుకే యంత్రం మొగుణ్ణి మింగిందట. గుమ్మడికాయ కొట్టారు, మేకను కోశారు. తనిఖీకి వచ్చిన అధికారికి మాత్రం జాలీ బిగించే చూపించారు. బిగించింది నేనే. నిజం చెబితే ఉద్యోగం పోతుందన్న భయంతో, పిన్ని మొహం చూడలేనన్న సిగ్గుతో నోరు మెదపలేదు.

ఇదంతా మొన్న మైకులో చెప్పేశాను. పనికన్నా ముందు జాలీ బిగించండి, యజమాని తిట్టినా సరే బిగించండి అని ఆ కుర్రాళ్ళను బతిమాలాను. పిన్ని ముందు వరసలో శాలువా ఒళ్ళో పెట్టుకుని వింది. తిరుగు రైల్లో ఆ శాలువా మడిచి సంచీలో పెడుతూ అంది.

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా అబ్బాయ్. నలభై ఏళ్ళబట్టి నా చేత్తో దీపం వెలిగించలా నేను."

ఇప్పుడు మిల్లుల్లో చక్రాలన్నిటికీ మూతలున్నాయి, ఎర్ర మీట నొక్కితే ఎక్కడి యంత్రం అక్కడ ఆగుతుంది. మన కాలంలోనే ఇవన్నీ ఉంటే ఎంత బాగుండేదో. ఎప్పుడు రైలు దిగినా నా చెయ్యి పట్టుకునే దిగే పిన్ని, రేపల్లెలో నేను చాచిన చేతిని వదిలేసి, కమ్మీ పట్టుకుని తనంతట తానే దిగింది.