కుండలో మోగింది మా కారు స్పీకరే

పద్నాలుగో తారీఖు, శనివారం. ఉప్పల్‌లో మా పాత కారుకు కొత్త స్పీకర్లు బిగిద్దామని నాన్న పొద్దున్నే ఎడమ తలుపు అట్ట విప్పితే, లోపల పాత స్పీకరే లేదు. రెండు వైర్లు వేలాడుతున్నాయి, అంతే.

నాకు వెంటనే కుండ గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, మన చిన్నప్పుడు మట్టికుండ మూతి మీద స్పీకర్ బోర్లించి పాటలు పెట్టేవాళ్ళు? పాట మొదలైతే గుండెల్లో దడదడ. నాచారంలో మా శీనుబావ మేడ మీద అలాంటి కుండ ఉండేది. అది మోగడం మొదలైన వారమే మా కారులో ఎడమవైపు పాట ఆగిపోయింది. "చూసొస్తా" అని కారు తీసుకెళ్ళిన బావ, తిరిగొచ్చి నాన్నతో ఏమన్నాడో తెలుసా?

"మామా, నీ బిడ్డ సౌండ్ మస్తు పెంచింది. స్పీకర్ కాలిపోయింది."

ఆ రోజు నుంచి నాన్న నన్ను వాల్యూమ్ ముట్టనివ్వలేదు. ఎంత ఏడ్చానో!

"అయితే గా కుండల మోగింది మనదేనా బిడ్డా?" అన్నాడు నాన్న ఇవాళ, నవ్వు ఆపుకుంటూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సాయంత్రానికి కొత్తవి బిగించేశాం. ఆదివారం బావ పదింటిదాకా లేవడు. రేపు పొద్దున్న ఆరింటికే ఆయన కిటికీ కింద కారు ఆపి, నాలుగు తలుపులూ తెరుస్తాం. వాల్యూమ్ నేనే పెంచుతాను.