వెనక తలుపు తెరిపించిన లక్ష్మప్ప

ఎమ్మిగనూరులో గుంత మగ్గం మీద పంచెలు నేసే లక్ష్మప్పకు రెండు పనులు బాగా వచ్చు. ఒకటి నేత. రెండోది, దేశంలో ఎక్కడ ఏ ఘోరం జరిగినా దానికి తన ఇంట్లో జాగ్రత్త తీసుకోవడం. కాళ్ళు గుంతలో, చేతులు నేతలో, చెవులు మాత్రం పక్కన పెట్టుకున్న ఫోన్ వార్తల్లో ఉండేవి.

ఛార్జింగ్ పెట్టిన ఫోన్ ఎక్కడో పేలిందని విన్నప్పటి నుంచి ఆ ఇంట్లో ఫోన్లన్నీ పెరట్లో బట్టలుతికే బండ మీదికి చేరాయి. తొక్కిసలాట వార్త చూశాక, ఏ ఫంక్షన్‌కు వెళ్ళినా వాకిలి పక్కనే నిలబడి, తాంబూలం కూడా అక్కడికే తెప్పించుకునేవాడు. విమానం కూలిన వారం మాత్రం ఏం చేయాలో తోచలేదు. ఇంటిల్లిపాదిలో విమానం ఎక్కినవాళ్ళు లేరు, ఎక్కబోయేవాళ్ళూ లేరు. రెండు రోజులు దిగులుగా తిరిగి, చివరకు మిద్దె మీద పడుకోవడం మానేశాడు.

డిగ్రీ చదివే కూతురు దీపిక చెబుతూనే ఉండేది: "నాయనా, ఫోన్లో వచ్చేవన్నీ నిజం కాదు."

"నిజం కాకుంటే ఫోన్లో ఏంటికొస్తాదిమ్మా?" అనేవాడు లక్ష్మప్ప.

ఇలా ఉండగా ఒకరోజు హైవే మీద ప్రైవేటు బస్సు కాలిపోయిన వార్త వచ్చింది. తలుపు తెరుచుకోక లోపలివాళ్ళు లోపలే ఉండిపోయారని చెప్పారు. ఆ పూట లక్ష్మప్ప మగ్గం ఆడలేదు. సరిగ్గా పది రోజులకు బావమరిది వీరేశం కొడుకు పెళ్ళి. పెళ్ళికూతురిది ఆదోని. పెళ్ళికొడుకు కారులో ముందే వెళ్ళిపోయాడు. మిగతా చుట్టాలకు వీరేశం ఒక పాత బస్సు మాట్లాడాడు.

పొద్దున ఏడింటికి అందరూ బస్సెక్కి కూర్చున్నారు. లక్ష్మప్ప మాత్రం ఎక్కకుండా బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వెనక ఎర్ర అక్షరాలతో 'అత్యవసర ద్వారం' అని రాసి ఉన్నచోట ఆగాడు. అద్దంలోంచి చూస్తే లోపల ఆ తలుపుకు ఆనించి చీరల ట్రంకు పెట్టె, సారె బుట్టలు, లడ్డూల డబ్బాలు సీలింగు దాకా పేర్చి ఉన్నాయి.

"బసన్నా, ఈ తలుపు ఒకసారి తియ్యి," అన్నాడు డ్రైవరుతో.

"అది తీసేది కాదన్నా. ఉండేదంతే," అన్నాడు బసన్న.

"తీయకపోతే తలుపని ఏంటికి రాసినారప్పా? గోడ అని రాయాల్సింది!"

వీరేశం కిటికీలోంచి తల బయట పెట్టాడు. "బావా, పది ఇరవైకి ముహూర్తం. మనం పెండ్లికి పోతాండామా, యుద్ధానికి పోతాండామా?"

"నువ్వు పో. నేను ఈ తలుపు తెరిస్తేనే ఎక్కేది."

బస్సంతా నవ్వింది. భార్య మహాదేవి కొత్త చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఇరవై ఆరేండ్ల నుంచి ఇదే నా బతుకు," అని పక్కసీటామెతో చెప్పింది. దీపిక నవ్వాపుకుంటూ ఫోన్ తీసి వీడియో పట్టింది.

లక్ష్మప్పకు కోపం రాలేదు. నవ్వులు ఆగేదాకా ఉండి, మెల్లగా అన్నాడు: "ఆ కాలిపోయిన బస్సులో వాళ్ళు గూడ ఇట్లే నవ్వుకుంటా ఎక్కినోళ్ళే గదప్పా."

మొదట మహాదేవే లేచింది. లడ్డూల డబ్బా ఎత్తి ముందు సీటువాళ్ళకు అందించింది. డబ్బాలూ బుట్టలూ చేతులు మారాయి. తలుపు బయటపడింది కానీ తెరుచుకోలేదు. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బసన్న లాగాడు, వీరేశం తన్నాడు. పెళ్ళికూతురి కోసం తెచ్చిన కొబ్బరినూనె సీసా సగం ఆ గొళ్ళేనికే అయిపోయింది. ఆఖరికి బసన్న జాకీ రాడ్డుతో నాలుగు దెబ్బలు వేస్తే తలుపు ఒక్కసారిగా ఊడివచ్చినట్టు తెరుచుకుంది. లోపల దానికి వీపు ఆనించి నెడుతున్న వీరేశం పట్టు పంచెతో సహా బయటికొచ్చి లక్ష్మప్ప మీద పడ్డాడు.

"ఇప్పుడు బాగుండాది," అన్నాడు లక్ష్మప్ప కిందినుంచే.

ముహూర్తానికి పావుగంట ముందే ఆదోని చేరారు. లక్ష్మప్ప వాకిలి పక్కన నిలబడి అక్షింతలు అక్కడినుంచే వేశాడు. అవి ఫొటోగ్రాఫర్ నెత్తిన పడ్డాయి.

అసలు గోల తర్వాత మొదలైంది. దీపిక సరదాగా పెట్టిన వీడియోను ఎవరో యూట్యూబ్‌వాడు ఎత్తుకుపోయాడు. రెండు రోజుల్లో అది వేరే అవతారం ఎత్తి లక్ష్మప్ప ఫోన్‌కే తిరిగి వచ్చింది. ఆదోని రోడ్డులో పెళ్ళిబస్సుకు మంటలంటుకున్నాయట. ఒక నేత కార్మికుడు తలుపు బద్దలుకొట్టి నలభై మందిని కాపాడాడట. చదివేది మనిషి కాదు, కంప్యూటరు గొంతు. అది ఎమ్మిగనూరు అనలేక మూడుచోట్ల విరిచింది. బొమ్మలో వెనక బస్సు భగభగ మండుతోంది. ముందు మెలితిరిగిన మీసాలతో, పెద్ద పెద్ద కండలతో లక్ష్మప్ప నిలబడి ఉన్నాడు.

మహాదేవి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "ఈయప్ప యవరో గానీ బాగుండాడే. యాడుంటాడు?"

అంతలో తుగ్గలి నుంచి అక్క సుగుణమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. "లక్ష్మప్పా, చేతులు కాలినాయా నాయనా?"

"మంటల్లేవు, ఏం లేవక్కా. తలుపుకు తుప్పు పట్టిండె, అంతే."

"నా దగ్గర దాయొద్దు. నేను బొమ్మలో సూస్తిని గదా!"

"అది అబద్ధమక్కా!"

"అబద్ధమైతే ఫోన్లో ఏంటికొస్తాదిరా?"

లక్ష్మప్ప ఫోన్ పక్కన పెట్టి దీపిక వైపు చూశాడు. దీపిక పుస్తకంలోంచి తల ఎత్తలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఆ రోజంతా ఆయనకు ఒకటే ఆలోచన. తన గురించే ఇంత అల్లారంటే, ఇన్నేళ్ళూ తను విన్నవాటిలో ఎన్ని జరిగాయి, ఎన్ని జరగలేదు? మరునాడు కూతుర్ని అడిగాడు: "ఆ కాలిపోయిన బస్సు గూడ ఇట్ల బొమ్మేనా?"

దీపిక ఈసారి నవ్వలేదు. పాత పేపరు వెతికి తెచ్చి ముందు పెట్టింది. అందులో చనిపోయినవాళ్ళ పేర్లు, ఊర్లు, వయసులు ఉన్నాయి. లక్ష్మప్ప వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదివాడు. ఒకే ఇంటిపేరు వరసగా నాలుగుసార్లు వచ్చినచోట వేలు ఆగిపోయింది. చివరిదాకా చదివి, పేపరు మడిచి, మగ్గం దగ్గరికి పోయి కూర్చున్నాడు.

సాయంత్రం చుట్టాల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "నేను లక్ష్మప్పను. బస్సు కాలలేదు. నాకు అంత మీసం లేదు." మంటల బొమ్మను ఊరంతా పంపుకున్నవాళ్ళలో ఒక్కరూ దీన్ని ఇంకొకరికి పంపలేదు. వీరేశం ఒక్కడే నవ్వే బొమ్మ పెట్టాడు.

వారం తిరక్కుండా బసన్న ఇంటికి వచ్చాడు. టీ గ్లాసు పట్టుకుని కూర్చుని కూడా తాగలేదు. "నా బస్సును ఎవరూ పిలవల్యాన్నా. అది కాలిపోయిన బస్సంట, అపశకునమంట. ఎల్లుండి పెద్దకడుబూరు పెండ్లి ఒకటుండాది. వాళ్ళు గూడ వద్దంటాండారు."

లక్ష్మప్ప తెరిపించమన్నది తలుపు. మూతపడింది ఈ మనిషి బతుకుతెరువు. "ఎన్ని గంటలకు పోవల్ల?" అని అడిగాడు.

ఆ రోజు తెల్లచొక్కా వేసుకుని బసన్నతో పెద్దకడుబూరు పోయాడు. బస్సు ముందు నిలబడి, ముక్కూమొహం తెలియని పెళ్ళివాళ్ళతో, "కాలింటే నేనుంటానా? సూడండి, వెంట్రుక గూడ మాడల్యా," అన్నాడు. వెనక తలుపు తానే తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూపించాడు. బసన్న దానికి కొత్త గొళ్ళెం వేయించి గ్రీజు పూసి ఉంచాడు. పిల్లలు వరస కట్టి ముందు ఎక్కి వెనక దూకడం మొదలుపెట్టారు. అది చూసి పెద్దవాళ్ళూ ఎక్కారు. ఎక్కినవాళ్ళు లక్ష్మప్పనూ వదలక పెళ్ళికి వెంట తీసుకుపోయారు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. చొక్కా మీద గంధం మరకలు చూసి మహాదేవి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"పిలవని పెండ్లిలో బోంచేసి వచ్చినావా? పెండ్లికొడుకు పేరేమన్నా తెలుసునా?"

లక్ష్మప్ప చెప్పులు విడుస్తూ ఆలోచించాడు.

"పేరడగల్యా. బస్సులో యాభై మూడు మంది. అందరూ దిగినారు."