పసుపు పెట్టిన చొక్కా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే. గుంటూరులో మా అత్తయ్య దగ్గర ఉండి కాన్వెంటులో చదువుకునేదాన్ని. సెలవులకు మార్కాపురం వచ్చినప్పుడల్లా మా నాయన నన్ను తన పలకల ఫ్యాక్టరీకి తీసుకుపోయి, బయటి దేశాల నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ముందు పెట్టి చదవమనేవాడు. ఆయన చదువు రెండో తరగతితోనే ఆగిపోయింది. రాతిని వేలితో తట్టి, చప్పుడు విని, ఎక్కడ చీలుతుందో చెప్పేవాడు గానీ, ఉత్తరం ఎవరు రాశారో చెప్పలేకపోయేవాడు. నేను చదివి అర్థం చెబుతుంటే పనివాళ్ళు చేతిలో పని ఆపి వినేవాళ్ళు. పదకొండేళ్ళ పిల్లకు కళ్ళు నెత్తికెక్కడానికి ఆ మాత్రం చాలు.

మా పలకలు కొనే పెద్దాయన ఒకాయన ఇంగ్లండులో ఉండేవాడు. ఏడాదికోసారి రాయి చూసుకోవడానికి వచ్చి, మా ఇంట్లో పీట మీద కూర్చుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా గోంగూర పచ్చడి మాత్రం వదిలేవాడు కాదు. ఒక ఏడాది ఆయన, ఈసారి మీరే మా ఊరికి రండి, అమ్మాయిని కూడా తీసుకురండి, ఫుట్‌బాల్ ఆట చూపిస్తాను అని రాశాడు. మా నాయన అంతవరకు ఫుట్‌బాల్ ఆటా చూడలేదు, విమానమూ ఎక్కలేదు. మాటసాయానికి ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి నా ప్రయాణం ఖాయమైంది. “మా పాప ఉండాది గదా, నాకేం బయం” అని కనపడ్డ వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

పెద్దాయన ఇంట్లోనే దిగాం. ఆట రోజు పొద్దున ఆయన ఒక తెల్ల చొక్కా తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది వాళ్ళ ఊరి జట్టు చొక్కా. వాళ్ళబ్బాయి నా వయసులో తొడుక్కున్నదట. ఆ అబ్బాయి పెద్దవాడై వేరే ఊళ్ళో కాపురం పెట్టినా, భార్యాభర్తలిద్దరూ దాన్ని మడత నలగకుండా దాచుకున్నారు. నేను మొహం కడుక్కుని వచ్చేసరికి మా నాయన, మా అమ్మ సంచిలో పెట్టి పంపిన పసుపు పొట్లం విప్పి, నీళ్ళతో తడిపి, చొక్కా మెడ దగ్గరా కింది అంచులకూ బొట్లు పెట్టేశాడు. మా వైపు కొత్తబట్ట ఏదైనా సరే, పసుపు తగలకుండా ఒంటి మీదికి రాదు. ఇది పాతది కదా నాయనా అన్నాను. “నువ్వు తొడుక్కునేది ఇదే మొదలు గదా, నీకు కొత్తదే” అన్నాడు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన కిందికి పోగానే కుళాయి దగ్గరికి పరిగెత్తి, సబ్బు పెట్టి బరబరా రుద్దాను. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని మా ఊళ్ళో ఏ ఆడపిల్లకైనా తెలుసు. కంగారులో నాకే గుర్తు రాలేదు. బొట్లన్నీ అలుక్కుపోయి ఎర్రటి మరకలయ్యాయి. ఆ రోజు ఎదుటి జట్టువాళ్ళవి ఎర్ర చొక్కాలు. ఇక చేసేది లేక, తడి చొక్కా మీద కోటు వేసుకుని మెడదాకా గుండీలు బిగించాను.

ఆటస్థలం దగ్గర తిరునాళ్ళలా ఉంది. అంతమంది ఒక్కసారిగా లేచి అరుస్తుంటే మా నాయన బంతిని వదిలేసి జనాన్ని చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి పెద్దాయన నావైపు వంగి, చొక్కా నలుగురికీ కనపడనీ, కోటు విప్పమ్మా అన్నాడు. విప్పక తప్పలేదు. మరకలు చూసి ఆయన మొహం వాడిపోయింది. అంచు పట్టుకుని ఒకసారి వేలితో రాసి చూసి వదిలేశాడు.

మా నాయన అది గమనించాడు. చెప్పు పాపా అని నా చెయ్యి పట్టుకున్నాడు. “మా కాడ పసుపు పెట్టకుండా కొత్తగుడ్డ తొడగరు. వాళ్ళ బిడ్డ తొడిగిన చొక్కా మా బిడ్డ ఒంటిమీదికి వస్తాంది గదా, ఇద్దరూ సల్లగుండాలని పెట్టినా. చెడగొట్టాలని కాదు. అట్లనే చెప్పు.”

నేను అట్ల చెప్పలేదు. ఈ పసుపులూ బొట్లూ చెబితే మమ్మల్ని ఎంత మోటువాళ్ళనుకుంటారో అనిపించింది. మా నాయన అన్నం తినేటప్పుడు చేతిలోని కూర జారి చొక్కా మీద పడింది, క్షమించమంటున్నాడు అని చెప్పాను. పెద్దాయన పరవాలేదంటూ మా నాయన భుజం తట్టాడు. మాట చేరిందనుకుని మా నాయన నిండుగా నవ్వాడు.

ఆట మధ్యలో విరామం ఇచ్చారు. పెద్దాయన టీ, ఆలుగడ్డ వేపుడు ముక్కలు కొనుక్కొచ్చాడు. మా నాయన చేతికి ఇవ్వబోయి ఆగి, చేతులు తుడుచుకునే కాగితం గుడ్డ ఒకటి విప్పి ఆయన ఒళ్ళో పరిచాడు. ఇంకొకటి మెడ దగ్గర చొక్కాలోకి దోపాడు. అన్నం ఒంటిమీద పోసుకునే పసిపిల్లలకు చేసినట్టు, ఎంతో ఓర్పుగా చేశాడు. నలభై మంది పనివాళ్ళకు పెద్ద అయిన మా నాయన, అది ఆ దేశపు మర్యాద అనుకుని రెండు చేతులూ జోడించాడు. నావైపు తిరిగి, “ఎంత మర్యాద చేస్తాండాడో చూడు పాపా” అన్నాడు.

నాకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. మోటుతనం దాస్తున్నాననుకుని, చేతిలో ముద్ద నిలవని మనిషిగా చేసి పెట్టాను మా నాయనను. ఏడుస్తూ, తడబడుతూ పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. పసుపు సంగతి, సబ్బు సంగతి, నా అబద్ధం సంగతి. ఆయన అంతా విన్నాడు. తర్వాత మా నాయన మెడ దగ్గరి కాగితాన్నీ ఒళ్ళోదాన్నీ తానే తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మరక పోతుందా, మీ నాన్నను అడుగు అన్నాడు.

అడగాలంటే ముందు మా నాయనకు కూడా అంతా చెప్పాలి. చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. ఆయన నన్ను తిట్టను కూడా లేదు. మైదానం వైపు చూస్తూ అన్నాడు. “నా మాట నీకు నచ్చకపోతే నాతో కొట్లాడు తల్లీ. మద్దెలో మార్చాకు. నాకు నోరు నువ్వే గదా ఈడ.” ఇన్నేళ్ళలో నన్ను అంతగా కోసిన మాట ఇంకొకటి లేదు. ఆ తర్వాత పెద్దాయన అడిగినదానికి, ఎండలో ఆరేస్తే రెండు రోజుల్లో పోతాదని చెప్పమన్నాడు. చెప్పాను. పెద్దాయన తలెత్తి మబ్బు పట్టిన ఆకాశం చూసి, మా ఊళ్ళో ఎండ ఎక్కడిదమ్మా, ఉండనీ అని గట్టిగా నవ్వాడు. ఆ మాట ఒక్క ముక్క కూడా పోకుండా మా నాయనకు అప్పగించాను. ఆయనా నవ్వాడు. ఎవరు గెలిచారో ఇప్పుడు గుర్తు లేదు.

పెద్దయ్యాక నేను రెవెన్యూ ఆఫీసులో గుమాస్తానయ్యాను. తెలుగు రాని పైఅధికారులు పల్లెలకు వచ్చినప్పుడల్లా జనం మాటలు వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పే పని నాకే పడేది. పక్కనున్న ఆఫీసువాళ్ళు, ఇంత సోదెందుకు, కుదించి చెప్పండమ్మా అని సైగ చేసేవాళ్ళు. ఒకసారి ఒక కుర్ర అధికారి వెంట చంద్రశేఖరపురం వైపు, ఫ్లోరైడు నీళ్ళున్న ఒక పల్లెకు పోతే, ముసలామె ఒకతె కర్ర పట్టుకుని వచ్చి నిలబడింది. “ఈ నీళ్ళు తాగి నా మోకాళ్ళు బండలైపోయినాయి సారూ. నా మనవరాలివి ఇంకా కాళ్ళు మాదిరే ఉండాయి” అంది. కీళ్ళ నొప్పులు, మంచినీళ్ళు కావాలట అంటే సరిపోయేది. పక్కాయన అదే చెప్పమని గొణిగాడు కూడా. ఆమె ఏమన్నదో అదే, మనవరాలితో సహా, అదే వరసలో చెప్పాను. ఆ కుర్ర అధికారి రాస్తున్న కలం ఆపి, కుర్చీలోంచి లేచి, ఆ పిల్ల ఎక్కడుందని అడిగాడు.